ముప్పై నాలుగు దాకా పెరిగిన పాట

నేను ఒక పాటల డబ్బాని. కారులో డ్రైవరు ఎడమ చేతికి అందేట్టు బిగిస్తారే, ఆ స్టీరియోని. పాటల డబ్బా అని పేరే గానీ నా ఒంట్లో ఒక్క పాటా లేదు. ఎవరైనా వేలంత పెన్‌డ్రైవ్ తెచ్చి నా మూతికి గుచ్చితేనే నాకు గొంతు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే తరువాత నా గొంతు మీద చాలా నిందలు పడ్డాయి.

నేను పుట్టింది ఒక పెద్ద రేకుల షెడ్డులో, కదిలే బెల్టు మీద. చేతులకు తెల్లటి తొడుగులు వేసుకున్న ఒకామె ప్రతి డబ్బాకూ ఒకే పాట గుచ్చి, పదిహేను సెకన్లు విని, పీకేసి పక్క డబ్బాకు పోయేది. అలా నేను విన్న మొదటి పాట పల్లవి సగంలో తెగింది. మిగతా సగం ఏమై ఉంటుందా అనే ఆరాటంతోనే నన్ను అట్టపెట్టెలో పెట్టి మూశారు.

హిందూపురంలో బట్టల వ్యాపారం చేసే విరూపాక్ష శెట్టి గారి కొత్త కారులో నన్ను మొదట బిగించారు. ఆయనకు ఏ పాటా నచ్చదు. తరువాతి పాటైనా నచ్చుతుందేమోనన్న ఆశ మాత్రం చావదు. నాలుగేళ్లు నా బటన్ నొక్కుతూనే ఉన్నాడు. ఒక్క చరణం కూడా నా నోట పూర్తిగా పలకలేదు. నడుమ ఫోన్లు. నా ముఖం మీద ఆవగింజంత రంధ్రం ఒకటుంది, అది మైకు. ఫోను మాటలు వినడానికి పెట్టిన ఆ రంధ్రం గుండా కారులో ఎవరేం మాట్లాడినా నాకు చేరేది. చివరికి ఆయనకు వేలితో తాకితే పలికే పెద్ద తెర మీద మోజు పుట్టి నన్ను ఊడదీయించాడు. కదిరి బస్టాండు వెనక కారు స్టీరియోలు బిగించే మస్తాన్ నన్ను తెచ్చుకుని అంగడి అరమీద పెట్టాడు.

అక్కడికి ఓబులేసు వచ్చాడు.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. వయసులో ఉండగా తొమ్మిదేళ్లు కంకర మిషన్ దగ్గర లారీ తోలాడు. ఆ తరువాత పాత టవేరా బండి ఒకటి సంపాదించి, కదిరి నుంచి తనకల్లు వైపు పల్లెల్లో పనిచేసే ఐదుగురు టీచర్లను రోజూ బడులకు దించి, సాయంత్రం తిరిగి తెచ్చేవాడు. మస్తాన్ నన్ను ఆ టవేరాలో బిగించగానే ఓబులేసు జేబులోంచి ఎర్రదారం కట్టిన పెన్‌డ్రైవ్ తీశాడు. దాన్ని లాల్చీ అంచుకు తుడిచి మెల్లగా గుచ్చాడు. అంత మర్యాదగా నన్నెవరూ తాకలేదు.

దానిలో పదకొండు వందల అరవై పాటలు. పదకొండేళ్లుగా పోగు చేసినవి. కొన్ని స్నేహితుల ఫోన్ల నుంచి తీసుకున్నవి. కొన్ని పాత క్యాసెట్ల నుంచి మస్తాన్ చేత కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నవి. పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడుతుంటే పందిరి గుంజకు ఫోను కట్టి రికార్డు చేసుకున్నవీ ఉన్నాయి, తత్వాలూ భజనలూ ఉన్నాయి. వాటిని అతను వాడుకునే వేళను బట్టి సర్దుకున్నాడు. పొద్దుటి పాటలు ఒక చోట, ఎండ పాటలు ఒక చోట, వాన పాటలు ఒక చోట. అన్నిటికీ చివర 'టీచర్లు' అని ఒకటి.

ఆ చివరిది ఎందుకో మొదటి ఉదయమే తెలిసింది. లెక్కల మాస్టారు రామాంజనేయులు సార్ ఎక్కుతుంటే ఒక పాట మొదలైంది. సార్ ముసిముసిగా నవ్వాడు. మలుపులో షాహీన్ మేడమ్ ముందు సీటులో కూర్చుంటే ఇంకో పాట. ఆమె ఒకటో తరగతి టీచరు, ఆమె బడి అందరికంటే చివర వస్తుంది. ఇలా ఐదుగురికీ ఐదు పాటలు, తలుపు తీసే క్షణానికి సరిగ్గా. ఎవరి పాటనూ మధ్యలో తెంచేవాడు కాడు. షెడ్డులో సగం విన్నప్పటి నుంచి నాలో ఉన్న ఆరాటం అప్పుడు కాస్త సద్దుమణిగింది. సౌండు పదకొండు మీద ఉండేది. పదకొండులో పాటా వినిపించేది, వెనక సీట్లో చపాతీల డబ్బా మూత తీసిన చప్పుడూ వినిపించేది.

రెండో ఏడు వచ్చేసరికి ఆ పదకొండు పద్నాలుగైంది.

నేను పట్టించుకోలేదు. వానకాలం, అద్దాల మీద చినుకుల మోత అనుకున్నాను. వానలు పోయాక పదిహేడైంది. నా గాజు ముఖం మీద ఆ అంకె పచ్చగా వెలుగుతుంది. నాకు నేను చదువుకోగలను, ఎవరికీ చెప్పలేను. ఉగాదికి ఇరవై ఒకటి. ఒకరోజు పిల్లనగ్రోవితో మొదలయ్యే పాట పెట్టుకుని ఓబులేసు ముఖం చిట్లించాడు. మళ్లీ మొదటికి తిప్పాడు. "ఈడ పిల్లనగ్రోవి ఉండాల కదప్పా, యాడికి పోయింది?" అని నన్నే అడిగాడు. నేను ఊదుతూనే ఉన్నాను. పెన్‌డ్రైవ్ పీకి, తుడిచి, ఉఫ్‌మని ఊది, మళ్లీ గుచ్చాడు. నేను మళ్లీ ఊదాను.

ఆ పాటను అతను చెరిపేశాడు. తరువాత సన్నగొంతు ఆడవాళ్ల పాటలు రెండు మూడు. పోగుచేసుకున్న చేతితోనే ఒక్కొక్కటిగా తీసేస్తుంటే, నా మూతికి గుచ్చిన ఆ చిన్న ఇనుప ముక్క రోజురోజుకూ తేలికవుతున్నట్టు అనిపించేది.

మస్తాన్ దగ్గరికి తీసుకుపోయి స్పీకర్లు మార్పించాడు. నెల తిరక్కుండా మళ్లీ పోయి వైర్లు మార్పించాడు. మూడోసారి పోయినప్పుడు గట్టిగానే తగులుకున్నాడు.

"మస్తానూ, నీ డబ్బాకి గొంతు పోయింది. సన్న సప్పుళ్లు ఒక్కటీ రాల్యా."

మస్తాన్ ముందు సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, పాటంతా విన్నాడు. "వస్తాండాయి కదన్నా. నాకి బాగా ఇనపడతాండాయి."

"నీకి ఇనపడతాయిలే. నీ అంగడి డబ్బా కదా!"

పక్కన టీ కాచే ఆమెను మస్తాన్ పిలిచాడు. "అక్కా, రోంత ఇట్ల రా. ఈ పాటలో గజ్జెల సప్పుడు ఉండాదా?"

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ తలుపులోకి వంగింది. "ఉండాది కదప్పా. ఘల్లుఘల్లుమని ఎంత ముద్దుగా ఉండాదో!"

ఓబులేసు ఆమె ముఖం చూశాడు, మస్తాన్ ముఖం చూశాడు. మస్తాన్ గొంతు తగ్గించి, "అన్నా, ఒకసారి చెవుల డాక్టరుకి..." అనబోయాడు.

"ఇద్దరూ కలిసి నన్ను ఎగతాళి చేస్తాండారా?" అని తలుపు వేసి బండి తీశాడు.

ఊరు దాటాక ఒక చింతచెట్టు నీడన ఆపాడు. అదే పాట పెట్టాడు. ఇరవై నాలుగు, ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది. సీటు మీద వాలి తలుపులోని స్పీకరుకు చెవి ఆనించాడు. గజ్జెలు మోగుతూనే ఉన్నాయి. పాట అయిపోయినా తల ఎత్తలేదు. "మా నాయన మాదిరే అయితాండానా" అన్నాడు. వాళ్ల నాయన్ను ఊరంతా చెవిటి ఎంకటప్ప అనేదట. ఏదడిగినా ఇంకేదో చెప్పేవాడని జనం కావాలని పిలిచి మరీ అడిగి నవ్వేవారట. ఇవన్నీ ఎవరితోనూ కాదు, ఖాళీ బండిలో తనలో తానే అనుకున్నాడు. నేను విన్నాను.

ఆ రోజు నుంచి అతనికి పాటలు వేరే పనికి వచ్చాయి. సౌండు ఎక్కువగా ఉంటే ఎవరూ మాట్లాడించరు. మాట్లాడించినా, బదులు రాకపోతే పాట మోతలో వినపడలేదనుకుంటారు. అందుకని టీచర్లు ఎక్కకముందే ముప్పైకి పెట్టేవాడు. రామాంజనేయులు సార్ చెవులు మూసుకుని "తగ్గించప్పా!" అంటే అద్దంలో ఆయన పెదాలు చూసి నవ్వి తలూపేవాడు, తగ్గించేవాడు కాడు. ఎవరి పాట వాళ్లకు సరిగ్గా తలుపు దగ్గర అందించిన మనిషి ఆ పాటల వెనకే దాక్కున్నాడు. దాచింది నేనే. నా గొంతుతోనే. ఆ దినాల్లో నాకు ఒక్క పాటా ఒంటికి పట్టలేదు. ఈ మలుపులో ఏమవుతుందో, ఆ మలుపులో ఏమవుతుందోనని బెదురుతూ పాడేవాణ్ణి.

బడులు తెరిచిన వారం. పిల్లలకు పంచాల్సిన పుస్తకాల కట్టలు టవేరా వెనక భాగంలో పైదాకా పేర్చారు. లోపలి అద్దంలో టీచర్ల తలలూ, వాటి వెనక కట్టలూ తప్ప రోడ్డు కనపడదు. రోడ్డు పని జరుగుతోంది, ఒక పక్కంతా కంకర కుప్పలు, పక్క అద్దం దుమ్ము పట్టి ఉంది. నేను ముప్పై నాలుగు మీద ఉన్నాను.

మొదట నా మైకుకు అందింది సైరన్. వెనక అంబులెన్సు. పాట సందుల్లోంచి సన్నగా, తరువాత దగ్గరగా, తరువాత మా వెనకే. టీచర్లు వెనక్కి తిరిగారు. "ఓబులేసూ, దోవ ఇయ్యప్పా!" అని ఒకరు, "ఆపు, ఆపు!" అని ఒకరు. అతను నవ్వి తలూపాడు. పాట బాగుందంటున్నారనుకున్నాడు. బండి అదే వేగంతో అదే ఇరుకు దారిలో పోతూనే ఉంది. ఒక కిలోమీటరు. ఇంకో కిలోమీటరు. నా నోరు నేను మూసుకోగలిగితే ఆ క్షణాన మూసుకునేవాణ్ణి. పాట చరణంలోకి పోయింది. నేను పాడాను.

చివరికి రామాంజనేయులు సార్ సీటు మీంచి వంగి అతని భుజం పట్టి గుంజాడు. బండి ఒక్క ఊపుతో కంకర కుప్ప పక్కన ఆగింది. పుస్తకాల కట్టలు తెగి ముందుకు జారాయి. అంబులెన్సు మమ్మల్ని రాసుకుంటూ పోతూ ఒక క్షణం నెమ్మదించింది. దాని డ్రైవరు కిటికీలోంచి అరిచాడు. "కాన్పుకొచ్చిన మనిషి ఉండాది లోపల! నీకేమన్నా చెవుడా?"

ఆ మాట ఓబులేసుకు వినపడలేదు. ఆ పెదాలు మాత్రం చదివాడు. బటన్ నొక్కి నా పాట ఆపాడు.

"పాట ఎక్కువ పెట్టినా సార్. తప్పు నాదే" అన్నాడు.

"రేపట్నించి ఆ డబ్బా బంద్. ఇంకోసారి మోగిందంటే పీకి పారేస్తా" అన్నాడు సార్, చెమట తుడుచుకుంటూ.

నేరం నా మీద పడింది. ఓబులేసు నా మీద పడనిచ్చాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం.

మరునాడు నేను మూగగా ఉన్నాను. దీపం మాత్రం వెలుగుతోంది, మైకు వింటోంది. బండిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. నల్లచెరువు వస్తుండగా షాహీన్ మేడమ్ కిటికీ బయటికి చూస్తూ, "ఓబులేసన్నా, మందుల అంగడి దగ్గర ఒక నిమిషం ఆపు" అంది. బండి ఆగలేదు. రెండోసారి అంది. మందుల అంగడి వెనక్కి పోయింది. ఆమె మూడోసారి అనలేదు. అతని వంక చూసింది.

మిగిలిన నలుగురూ దిగిపోయారు. చివరి పల్లెకు నాలుగు కిలోమీటర్లు. ఆమె పూర్తిగా కిటికీ వైపు తిరిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో అంది. "అన్నా, వెనక టైరులో గాలి పోయింది."

ఏ డ్రైవరైనా ఆ మాటకు బ్రేకు మీద కాలు వేస్తాడు. ఓబులేసు గేరు మార్చి గుట్ట ఎక్కించాడు.

ఆమె అతని చేతిని తట్టి, ఆపమని సైగ చేసింది. ఆపాడు. అతని ముఖానికి ఎదురుగా తిరిగి మెల్లగా చెప్పింది.

"పాట లేకున్నా నీకి ఇనపడల్యా అన్నా."

"ఏమి మేడమ్, బండి సప్పుడులో..."

"ప్రతి ఏడూ నా క్లాసులో ఒకరుంటారు. పక్కన పిల్ల నోరు చూసి, ఒక మాట ఎనకాల పాట అందుకునే పిల్ల. మొద్దు అనుకుని కొడతారు ఇంట్లో. నేను ముందు ఆ పిల్ల వీపు ఎనక నిలబడి పేరు పిలుస్తా. ఇప్పుడు నీకీ అదే చేసినా."

అతను స్టీరింగు మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వాటిని ఏం చేయాలో తెలియనట్టు చూశాడు.

"ఎవరికీ చెప్పద్దు మేడమ్. ఈ బండి తప్ప నాకి ఇంకో పని రాదు."

"నేను చెప్పను. నువ్వే చెప్పాల. సోమవారం పొద్దున, అందరి ముందర."

"చెప్తే ఎవరు ఎక్కుతారు?"

"చెప్పకుంటే నేను ఎక్కను. ఇంకొకర్ని ఎక్కనియ్యను. నిన్న ఆ యమ్మికి ఆడబిడ్డ పుట్టిందంట, ఇద్దరూ బాగుండారంట. ఆశా వర్కరు చెప్పింది. బాగలేకుంటే ఏం చేసేవాడివి అన్నా?"

ఆమె అక్కడే దిగి, మిగిలిన దారి నడిచిపోయింది.

ఆదివారం అతను ఇంటి ముందు నిలిపిన టవేరాలో కూర్చుని నన్ను ఆన్ చేశాడు, ఆపాడు, ఆన్ చేశాడు. ఒక్క పాటా నిలవనివ్వలేదు. శెట్టి గారి వేలు కూడా అంత తొందరపడలేదు. అప్పుడు అతని భార్య ఈశ్వరమ్మ వచ్చింది. పక్క తలుపు దగ్గరికి రాలేదు. బండి ముందుకు వచ్చి, అద్దంలోంచి అతనికి ఎదురుగా నిలబడింది.

"అన్నం పెట్టినా, రా."

"ఈశ్వరీ, నాకి..." అని ఆగిపోయాడు.

"తెలుసులే."

"ఏం తెలుసు నీకి?"

"రెండేండ్లుగా ఏ మాటైనా నీ ముందరికొచ్చే చెప్తాండా కదా. ఎనక నుంచి ఎప్పుడన్నా పిలిచినానా?"

అతను స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ఆమె అలాగే నిలబడింది, అతను తల ఎత్తితే తన నోరు కనపడేట్టు.

సోమవారం పొద్దున టీచర్లందర్నీ ఒక చోటికి రమ్మని బండి ఆపి, తాళంచెవి తీసి, దిగి నిలబడ్డాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకు అంతా వినిపించింది. రెండు మాటల్లో చెప్పేశాడు. రామాంజనేయులు సార్ విరుచుకుపడ్డాడు. "రెండేండ్లు మా ప్రాణాలు నీ చేతిలో పెట్టి కునుకు తీసినాం కదప్పా! నా బిడ్డలకి ఎవరు చెప్పేవాళ్లు?" ఓబులేసు తల వంచుకోలేదు. వంచితే సార్ పెదాలు కనపడవు. ఆ తిట్లన్నీ కళ్లు తిప్పకుండా చూస్తూ తీసుకున్నాడు. టీచర్లు ఆటో ఎక్కి పోయారు.

మూడు నెలలు టవేరా నిలిచిపోయింది. బ్యాటరీ తీగ పీకడంతో నాకు పగలు లేదు, పాట లేదు. తిరిగి దీపం వెలిగేసరికి ఓబులేసు రెండు చెవుల వెనకా చిక్కుడు గింజంత వినికిడి మిషన్లున్నాయి. అనంతపురం పెద్దాసుపత్రిలో పెట్టారట. పోయిన నరం తిరిగి రాదని, ఉన్నదానికి ఇవి సాయపడతాయని చెప్పారట. అతను తాళం తిప్పి ఉలిక్కిపడ్డాడు.

"ఈశ్వరీ! ఈ బండి ఇంత మోత మోగుతాదా?"

"మోగుతాది. నేను చెప్తానే ఉండా" అంది ఆమె, పక్క సీట్లోంచి, ముఖం తిప్పకుండా. అతను విన్నాడు. ఆమె వంక చూసి ఆ మాటే మళ్లీ చెప్పించుకున్నాడు.

తరువాత ఎర్రదారం పెన్‌డ్రైవ్ నాకు గుచ్చాడు. తొమ్మిది మీద పెట్టాడు. నాకున్న గొంతంతా పెట్టి పాడాను. అతని ముఖం మెల్లగా వాడిపోయింది. ఇంకోటి పెట్టాడు, ఇంకోటి. ఆ మిషన్లు మాటల కోసం చేసినవి. పాట వాటిలోంచి రేకుల మీద కంకర పోసినట్టు వినపడుతోందని ఈశ్వరమ్మతో చెప్పాడు. మిషన్లు తీసి విన్నాడు, నేను దూరమయ్యాను. పెట్టుకుని విన్నాడు, నేను పాడయ్యాను. చివరికి పెన్‌డ్రైవ్ తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఈసారి నా గొంతును తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

చెవులకు మళ్లీ పరీక్ష చేయించి, డ్రైవింగుకీ పరీక్ష ఇచ్చి, కాగితాలు తెచ్చి టీచర్లకు చూపించాడు. షాహీన్ మేడమ్ మొదటిరోజే ఎక్కింది. రామాంజనేయులు సార్ ఒక వారం తరువాత వచ్చి, వెనక సీట్లో కూర్చుని, నోటికి చేయి అడ్డం పెట్టుకుని దారి పొడుగునా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. అన్నిటికీ జవాబు వచ్చాక గాని చేయి తీయలేదు. ఇంకొకరు వచ్చారు. ఇద్దరు మళ్లీ రాలేదు. వాళ్లను ఓబులేసు ఒక్క మాటా అనలేదు.

బండిలో ఇక పాటలు వద్దని అతనే నన్ను ఊడదీయించాడు. మస్తాన్ నాకు ఒక చెక్కపెట్టె చేసి, కరెంటు మీద నడిచేట్టు అమర్చి, రెండు పాత స్పీకర్లు తగిలించాడు. అలా ఓబులేసు నన్నూ, పెన్‌డ్రైవ్‌నూ షాహీన్ మేడమ్ బడికి ఇచ్చేశాడు. చెరపగా మిగిలిన పాటలు వెయ్యికి పైనే ఉన్నాయి. వాటిలోంచి మేడమ్ పిల్లలకు పనికొచ్చేవి ఏరుకుంది.

కదలకుండా ఉండటం నాకు ఇంకా అలవాటు కాలేదు. కింద చక్రాలు లేని పాట నాకు వింతగా ఉంటుంది. ముప్పై మంది పిల్లలు నా చుట్టూ గంతులు వేస్తుంటే అరుగు అదిరి కాస్త బండిలో ఉన్నట్టు ఉంటుంది. అంతే.

నిన్న సాయంత్రం బడి వదిలే వేళ ఓబులేసు మేడమ్ కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను పాడుతున్నాను. అతను మిషన్లు తీయలేదు, చెవులు మూసుకోలేదు, ఊరికే పిల్లలను చూస్తున్నాడు. రెండు జడల పిల్ల ఒకతి అతని వెనక నుంచి వచ్చి, చొక్కా పట్టుకోకుండా, గట్టిగా అరవకుండా, మామూలుగా అడిగింది.

"మామా, నీ చెవిలో ఉండేదాంట్లో కూడా పాటలొస్తాయా?"

ఓబులేసు వెంటనే వెనక్కి తిరిగాడు.

"రావు పాపా" అన్నాడు. "మాటలొస్తాయి. ఇంకోటి అడుగు."